కళాత్మక బొంత

కళాత్మక బొంత అనగా వస్త్రపు పొరలను ఒకదానిపై ఒకటి పరచి, కుట్లతో కలిపి, కప్పుకోవడానికి కాక చూడడానికి ఉద్దేశించి తయారుచేసే కళాఖండం. చిత్రకారునికి రంగులు, కుంచె ఎటువంటివో ఈ కళలో గుడ్డముక్కలు, దారం అటువంటివి. 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇది ఒక ప్రత్యేక కళారూపంగా గుర్తింపు పొందినది. అయితే పొలాన్ని, ఆకాశాన్ని, నడచివచ్చిన దారిని గుడ్డముక్కలలో కూర్చే అలవాటు అంతకంటే చాలా పాతది. మంచం మీది బొంత గోడమీదికి ఎక్కడంతో మారినవి ముఖ్యంగా రెండు: కుట్టినవారి పేరు, వారి పనికి కట్టే వెల. ఈ రెండింటిని గురించిన చిక్కులు ఈ కళ చరిత్ర పొడవునా కనిపిస్తాయి.

పేరు

పాత చీరలు, పంచెలు పొరలుగా పరచి దగ్గరదగ్గరగా కుట్టిన దుప్పటిని తెలుగువారు బొంత అంటారు. సంస్కృతంలోని "కంథ" అనే పదానికి కూడా ఇదే అర్థం. బెంగాలీలో అది "కాంథా" అయినది. గొర్రె ఉన్నితో నేసే గొంగళి వేరు, బొంత వేరు. గొంగళిని మగ్గంపై నేస్తారు, బొంతను సూదితో కుడతారు. తెలుగులో బొంత అనే మాటకు పేదరికపు వాసన కొంత అంటుకొని ఉన్నది. "అతుకుల బొంత" అని ఏదైనా గ్రంథాన్నో, ప్రభుత్వాన్నో అన్నామంటే అది మెచ్చుకోలు కాదు. ఇంగ్లీషువారి క్విల్ట్ అనే మాటకు ఆ చిన్నచూపు లేదు. అయినా వస్తువు ఒక్కటే కాబట్టి ఈ వ్యాసంలో బొంత అనే పదాన్నే వాడుతున్నాము.

నిర్మాణం

సాధారణంగా బొంతకు మూడు పొరలు ఉంటాయి. పైపొర కంటికి కనిపించే బొమ్మ. నడిమి పొర దూది, ఉన్ని లేక పాలియెస్టర్‌తో చేసిన పలుచని పరుపు. అడుగు పొర ఒకే గుడ్డ. ఈ మూడింటిని దాటి వెళ్ళే కుట్టే బొంతకు ప్రాణం. పైపొరను ఎంత అందంగా కూర్చినా, మూడు పొరలను కలిపే కుట్టు లేనిదే అది బొంత అనిపించుకోదు. మన ఇళ్ళలోని బొంతలలో, బెంగాల్ కాంథాలలో విడిగా దూది పరుపు ఉండదు, పాత బట్టల పొరలే ఆ పని చేస్తాయి.

పైపొరను రెండు పద్ధతులలో తయారుచేస్తారు. గుడ్డముక్కలను అంచుకు అంచు కలిపి కుట్టడం మొదటిది, దీనిని ప్యాచ్‌వర్క్ అంటారు. ఒక గుడ్డపై మరొక గుడ్డను ఆకారంగా కత్తిరించి పెట్టి చుట్టూ కుట్టడం రెండవది, ఇది అప్లిక్. చతురస్రాలు, త్రిభుజాలు మొదటిదానిలో సులువుగా వస్తాయి. చెట్టు, పక్షి, మనిషి వంటి వంపులు గల ఆకారాలకు రెండవది అనుకూలం. ఇక కుట్టు అనేది పొరలను కలపడమేగాక గీతల పని కూడా చేస్తుంది. కుట్టు పడినచోట బొంత కొద్దిగా లోపలికి దిగుతుంది, పడనిచోట ఉబ్బుతుంది. ఈ ఎత్తుపల్లాల మీద వెలుగునీడలు పడడం వలన కలిగే అందం కాగితం మీది బొమ్మకు రాదు.

పూర్వరూపాలు

పొలాన్ని చూసి గుడ్డను కూర్చిన మిక్కిలి పాత ఉదాహరణ బౌద్ధ వాఙ్మయంలో ఉన్నది. వినయ పిటకంలోని మహావగ్గం ప్రకారం, బుద్ధుడు రాజగృహం నుండి దక్షిణగిరికి ప్రయాణం చేస్తూ మగధ దేశపు పొలాలను చూశాడు. గట్లతో, అడ్డుగట్లతో, మడులు మడులుగా తీర్చి ఉన్న ఆ పొలాలను ఆనందునికి చూపి, భిక్షువుల చీవరాలను ఆ విధంగా కూర్చగలవా అని అడిగాడు. ఆనందుడు ముక్కలను కత్తిరించి ఆ ప్రకారమే కుట్టాడు. నేటికీ బౌద్ధ భిక్షువులు ధరించే వస్త్రంలో ఆ మడులు, గట్లు కనిపిస్తాయి. చీవరం బొంత కాదు, దానికి పరుపు పొర ఉండదు. అయినా ప్రయాణంలో చూసిన పల్లె దృశ్యాన్ని గుడ్డముక్కలలోకి తెచ్చిన వృత్తాంతంగా దీనికి సాటి మరొకటి దొరకడం కష్టం.

పాశ్చాత్య దేశాల బొంతలకు తెలుగునేలతో నేరుగా ఒక సంబంధం ఉన్నది. 17, 18 శతాబ్దాలలో మచిలీపట్నం మొదలుకొని కోరమాండల్ తీరం నుండి చేతితో అద్దిన నూలు వస్త్రాలు ఓడలలో ఐరోపాకు వెళ్ళేవి. తెలుగులో చీటిగుడ్డ అనీ, ఇంగ్లీషులో చింట్జ్ అనీ పిలిచే ఈ వస్త్రాల రంగులు ఉతికినా పోకపోవడం అక్కడివారికి వింత. వాటిలో పలంపోర్ అనే పెద్ద పడక దుప్పటిపై వంకరలు తిరిగిన కాండంతో, రకరకాల పూలతో ఒక జీవవృక్షం ఉండేది. పలంపోర్ అనే మాట పలంగ్‌పోష్, అంటే మంచంపై పరిచే గుడ్డ, అనే మాట నుండి వచ్చినది. ఈ దిగుమతులు తమ నేతవృత్తిని దెబ్బతీస్తున్నాయని ఫ్రాన్స్ 1686లో వీటిని నిషేధించినది. ఇంగ్లండ్ కూడా 1700, 1721 సంవత్సరాల చట్టాలతో అడ్డుకట్ట వేసినది. ఖరీదైన ఈ గుడ్డలో చిన్న ముక్క కూడా పారవేయలేక, అందులోని పూలను, పక్షులను విడిగా కత్తిరించి తెల్లని గుడ్డపై అతికించి కుట్టే పద్ధతి ఐరోపాలోను, తరువాత అమెరికాలోను వ్యాపించినది. దానికి బ్రోదరీ పెర్స్ అని పేరు. పర్షియా కుట్టుపని అని ఆ మాటకు అర్థం. పూలు పూచినది కోరమాండల్ తీరంలోనైతే పేరు మాత్రం పర్షియాకు దక్కినది.

హారియెట్ పవర్స్

గ్రామీణ జీవితాన్ని, ప్రకృతి వింతలను బొంతపై కథలుగా చెప్పినవారిలో హారియెట్ పవర్స్‌కు ప్రత్యేక స్థానం ఉన్నది. ఆమె 1837లో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ సమీపంలో బానిసగా పుట్టినది. అంతర్యుద్ధానంతరం స్వేచ్ఛ పొంది, భర్త ఆర్మ్‌స్టెడ్‌తో కలిసి చిన్న కమతం సంపాదించి వ్యవసాయం చేసినది. ఆమె చేతి బొంతలు రెండు మాత్రమే నేటికి మిగిలాయి.

మొదటిది బైబిలు బొంత. 11 గడులలో ఆదాము అవ్వల కథ మొదలుకొని బైబిలు ఘట్టాలు అప్లిక్ పద్ధతిలో ఉంటాయి. దీనిని 1886లో ఏథెన్స్‌లో జరిగిన పత్తి సంతలో ప్రదర్శించినది. అక్కడ చూసిన జెన్నీ స్మిత్ అనే చిత్రలేఖన ఉపాధ్యాయురాలు కొంటానని అడిగితే, ఎంత వెల ఇచ్చినా అమ్మనని హారియెట్ చెప్పినది. నాలుగైదేళ్ళ తరువాత కుటుంబానికి చేతిలో డబ్బు ఆడని రోజులు వచ్చాయి. అప్పుడు ఆమె బొంతను పిండిసంచిలో చుట్టి, ఎడ్లబండి మీద తెచ్చి, పది డాలర్లు అడిగినది. జెన్నీ స్మిత్ ఐదు డాలర్లు మాత్రమే ఇవ్వగలిగినది. భర్త సలహాపై హారియెట్ ఆ ఐదింటికే ఇచ్చివేసినది. తరువాత కూడా ఆమె తన బొంతను చూసుకోవడానికి పలుమార్లు వచ్చేదని స్మిత్ రాసిపెట్టినది. గడుల అర్థాలను హారియెట్ చెప్పగా స్మిత్ రాసుకోవడం వలననే వాటి కథలు మనకు తెలిశాయి. ఈ బొంత ఇప్పుడు స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర జాతీయ సంగ్రహాలయంలో ఉన్నది.

రెండవ బొంత బోస్టన్‌లోని లలితకళా సంగ్రహాలయంలో ఉన్నది. దీనిలో 15 గడులు. బైబిలు కథల నడుమ ఆమె ప్రాంతంలో జనం చెప్పుకునే ప్రకృతి సంఘటనలు చోటు చేసుకున్నాయి. 1780 మే 19న న్యూ ఇంగ్లండ్‌లో పట్టపగలే చీకటి కమ్మిన రోజు (అడవులు తగులబడిన పొగ కారణమని నేటి వివరణ), 1833 నవంబరు 13 రాత్రి కురిసిన ఉల్కాపాతం, 1895 ఫిబ్రవరిలో మనుషులు, పశువులు గడ్డకట్టిన చలి గురువారం ఇందులో కనిపిస్తాయి. చలి గడిలో కంచరగాడిద నోటి ఊపిరి మంచు కణికలై వ్రేలాడుతున్నది. జార్జియా నుండి వర్జీనియా వరకు 500 మైళ్ళు పరుగెత్తిందని చెప్పుకునే బెట్స్ అనే పంది కూడా ఉన్నది. విద్యార్థులు గమనించవలసిన విషయం ఏమనగా, ఉల్కాపాతం నాటికి హారియెట్ ఇంకా పుట్టలేదు. పెద్దల నోట విన్నదానిని, ఆరు దశాబ్దాల తరువాత ఆమె గుడ్డ నక్షత్రాలుగా కత్తిరించినది. ఖగోళ శాస్త్రజ్ఞులు లియోనిడ్ ఉల్కాపాతం అని లెక్కకట్టిన అదే రాత్రికి, చదువుకునే అవకాశం దక్కని జనం దాచుకున్న జ్ఞాపకం ఇది.

ఆమెకు చదవడం, రాయడం రాదని చాలాకాలం అనుకున్నారు. 1896లో ఆమె రాసిన ఒక లేఖ పాఠం 2009లో వెలుగులోకి రావడంతో ఆ అభిప్రాయం మారినది. హారియెట్ పవర్స్ 1910లో మరణించినది.

మంచం నుండి గోడకు

బొంతలను చిత్రకళగా చూడడంలో 1971 సంవత్సరం ఒక మలుపు. ఆ ఏడు న్యూయార్క్‌లోని విట్నీ సంగ్రహాలయంలో జోనథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ దంపతులు తాము సేకరించిన పాత అమెరికా బొంతలను ఆధునిక వర్ణచిత్రాల మాదిరిగా గోడలకు వ్రేలాడదీసి ప్రదర్శించారు. జనం ఆశ్చర్యపోయారు. నవీన చిత్రకారులు కొత్తగా కనుగొన్నామనుకున్న రేఖాగణిత రూపాలు రైతు స్త్రీల బొంతలలో వందేళ్ళ క్రితమే ఉన్నాయి. కాని ఆ ప్రదర్శనలో బొంతల డిజైనుకు దక్కిన గౌరవం కుట్టిన స్త్రీలకు దక్కలేదనీ, వారి పేర్లు, బతుకులు పక్కకు పోయాయనీ స్త్రీవాద విమర్శకులు తరువాత ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ సమంజసమే.

అదే దశాబ్దంలో చిత్రకళా పాఠశాలలలో చదివినవారు కొందరు కుంచె వదలి సూది పట్టారు. పడకగదికి పనికివచ్చే బొంతలు కుట్టే పోటీలలో వీరి పనులకు చోటు ఉండేది కాదు. అందుచేత నాన్సీ క్రో మొదలైనవారు ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్‌లో (హారియెట్ ఊరు వేరు, పేరు ఒకటే) 1979లో క్విల్ట్ నేషనల్ అనే ప్రదర్శన ప్రారంభించారు. పాడుబడి కూల్చివేతకు సిద్ధమైన ఒక పాడిపశువుల కొట్టాన్ని కళాకేంద్రంగా మార్చి అందులో దీనిని జరిపారు. రెండేళ్ళకు ఒకసారి జరిగే ఈ ప్రదర్శన వలన కళాత్మక బొంత అనే వర్గం స్థిరపడినది. 1989లో వోన్ పోర్చెల్లా స్థాపించిన స్టూడియో ఆర్ట్ క్విల్ట్ అసోసియేట్స్ ఈ కళాకారుల సంఘం. కెంటకీ రాష్ట్రంలోని పడూకాలోను, నెబ్రాస్కాలోని లింకన్‌లోను బొంతలకే ప్రత్యేకమైన సంగ్రహాలయాలు ఉన్నాయి.

చేతికుట్టు, మిషను కుట్టుల మధ్య వాదం చాలాకాలం నడచినది. చేతితో కుట్టినదే అసలు బొంత అనేవారు ఎక్కువ. 1989లో పడూకా ప్రదర్శనలో కారల్ బ్రయర్ ఫాలర్ట్ మిషనుపై కుట్టిన సూర్యగ్రహణ దృశ్యానికి ఉత్తమ బహుమతి రావడంతో ఆ వాదం చల్లబడినది.

ఫెయిత్ రింగ్‌గోల్డ్ (1930-2024) ఈ కళకు ప్రయాణం వలననే వచ్చినదని చెప్పవచ్చును. ఆమె హార్లెమ్‌లో పెరిగిన చిత్రకారిణి. 1972లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ సంగ్రహాలయంలో టిబెట్, నేపాల్ దేశాల థంకాలను చూసినది. చుట్టూ పట్టుగుడ్డ అంచు కుట్టి, చుట్టచుట్టి వెంట తీసుకుపోగల ఆ చిత్రాలు ఆమెను ఆకర్షించాయి. చట్రాలు బిగించిన బరువైన చిత్రాలకు బదులు గుడ్డ అంచుల చిత్రాలు వేయసాగినది. దుస్తులు కుట్టే వృత్తిలో ఉన్న తన తల్లి విల్లీ పోసీతో కలిసి 1980లో మొదటి బొంత తయారుచేసినది. 1988 నాటి "టార్ బీచ్" బొంతలో వేసవి రాత్రి మేడమీద పడుకొన్న పిల్ల నగరంపై ఎగురుతుంది. 1991లో చేసిన ఒక బొంతలో ఫ్రాన్స్ దేశపు ఆర్ల్ పట్టణపు పొద్దుతిరుగుడు తోటలో ఎనిమిదిమంది నల్లజాతి నాయకురాళ్ళు కూర్చుని పొద్దుతిరుగుడు పూల బొంతను పట్టుకొని ఉంటారు. ఒక పక్కన వాన్ గో పూలు చేతబట్టి నిలబడి ఉంటాడు. ప్రకృతి, ప్రయాణం, పల్లె, చరిత్ర నాలుగూ ఒకేచోట కలిసిన పని ఇది.

జీస్ బెండ్

అలబామా నది మూడువైపులా చుట్టిన ఒక మెలికలో జీస్ బెండ్ అనే పల్లె ఉన్నది. ఇప్పటి అధికారిక నామం బాయ్‌కిన్. 1816లో జోసెఫ్ జీ అనే భూస్వామి ఇక్కడ పత్తి తోట పెట్టాడు. 1845లో అది మార్క్ పెట్‌వే చేతికి వచ్చినది. బానిసత్వం పోయిన తరువాత కూడా పాత బానిసలు కౌలుదార్లుగా అక్కడే ఉండిపోయారు. నేటికీ ఊరిలో చాలామంది ఇంటిపేరు పెట్‌వే. 1932లో ఒక వ్యాపారి చనిపోగా, ఆయన భార్య తరఫువారు బాకీల కింద ఊరిలోని పశువులను, పనిముట్లను, గింజలను తోలుకుపోయారు. 1960లలో ఊరివారు ఓటు హక్కు కోసం ప్రయత్నించిన కాలంలో నది దాటించే బల్లకట్టును నిలిపివేశారు. అది మళ్ళీ నడిచినది 2006లో.

ఇటువంటి ఊరిలో చలికి ఆధారం బొంత. గోడల సందులలో గాలి దూరకుండా కూడా బొంతలు కట్టేవారు. బట్ట కొనే స్తోమతు లేదు కాబట్టి పొలంలో తొడిగి చిరిగిన చొక్కాలు, పంట్లాములే ముడిసరుకు. మిజూరీ పెట్‌వే 1942లో కుట్టిన బొంత బాగా ప్రసిద్ధమైనది. భర్త చనిపోయినప్పుడు ఆమె అతని పనిబట్టలను విప్పి, అతనిని తలచుకోవడానికి, కప్పుకోవడానికి బొంతగా చేసినది. పంట్లాముల మోకాలి దగ్గర వెలిసిన రంగు, జేబు విప్పినచోట మిగిలిన ముదురు మచ్చ అందులో అలాగే ఉన్నాయి. ఈ ఊరి కూర్పులలో "ఇంటికప్పు" అనే చతురస్రంలో చతురస్రపు నమూనా ముఖ్యమైనది. కొలబద్ద పెట్టి కొలవరు. గీత కొద్దిగా వంగితే ఆ వంపును తరువాతి ముక్కతో సర్దుకుంటూ పోతారు.

1966లో ఈ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే పని దొరికినది. మిగిలిన కార్డురాయ్ ముక్కలతో ఆ కాలపు బొంతలు కొత్త రంగు తేరాయి. 2002లో హ్యూస్టన్‌లో మొదలై, న్యూయార్క్ విట్నీ మీదుగా అనేక సంగ్రహాలయాలలో సాగిన ప్రదర్శన జీస్ బెండ్ పేరును దేశమంతటా వినిపించినది. 2006లో అమెరికా తపాలాశాఖ పది బొంతల బొమ్మలతో బిళ్ళలు విడుదల చేసినది. ఈ పర్యాయం బొంతల పక్కన కుట్టినవారి పేర్లు ఉన్నాయి. అయితే తమ పనుల అమ్మకం, నమూనాల వాడకంలో తమకు న్యాయమైన వాటా రాలేదని కొందరు 2007లో కోర్టుకు వెళ్ళారు. మరుసటి ఏడు ఆ వ్యాజ్యాలు రాజీతో ముగిశాయి.

భారతదేశంలో

బెంగాల్ కాంథాలు పాత చీరల పొరలపై, ఆ చీరల అంచుల నుండి లాగిన రంగు దారాలతో కుట్టేవి. నడుమ పద్మం, మూలలలో చెట్లు, మధ్య ఖాళీలో ఏనుగులు, పడవలు, పల్లకీలు ఉంటాయి. గురుసదయ్ దత్ (1882-1941) అనే ఐ.సి.ఎస్. అధికారి ఉద్యోగరీత్యా పల్లెలు తిరుగుతూ వీటిని సేకరించాడు. అవి కోల్‌కతా సమీపంలోని జోకాలో ఆయన పేరిట ఉన్న సంగ్రహాలయానికి చేరాయి. వాటిలో మానదాసుందరి అనే ఆమె తన తండ్రికోసం కుట్టి, ఆ సంగతిని కుట్టుతోనే అక్షరాలలో రాసిన కాంథా ఒకటి.

బీహార్‌లోని సుజనీ బొంత పుట్టిన బిడ్డను పడుకోబెట్టడానికి ఉద్దేశించినది. ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామ ప్రాంతపు స్త్రీలు 1980ల చివరి నుండి దీనిపై కట్నం, ఆడపిల్లల చదువు, ఎన్నికలు వంటి తమ చుట్టూ ఉన్న విషయాలను కుట్టసాగారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్దీలు ఆఫ్రికా నుండి తేబడినవారి సంతతి. వీరి బొంత పేరు కవంది. ఇతరులు నడుమ నుండి అంచుకు కుడితే, సిద్దీ స్త్రీలు అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. చివర నాలుగు మూలలలో గుడ్డను మడిచి "పూలు" పెడతారు. అవి లేనిదే బొంత పూర్తయినట్లు కాదు.

తెలుగు పల్లెలలో బొంత కుట్టడం ఇంటిపనిలో భాగంగానే ఉండిపోయినది. లంబాడీ స్త్రీలు అద్దాలతో, గవ్వలతో, రంగు ముక్కలతో చేసే కుట్టుపనికి పేరు వచ్చినట్లు బొంతకు రాలేదు. చిరిగిన బొంతను పారవేయక, దానినే కొత్త బొంతకు నడిమి పొరగా వేయడం వాడుక. అందువలన పాత కుట్టుపని లోపలే ఉండిపోతుంది. మన బొంతల చరిత్ర రాయడానికి ఆధారాలు తక్కువగా దొరకడానికి ఇదొక కారణం.

దృశ్యాన్ని బొంతగా కూర్చే విధానం

మొదటిసారి ప్రయత్నించేవారు అడుగున్నర వెడల్పు, రెండడుగుల పొడవుకు మించని పరిమాణం ఎంచుకోవడం మంచిది. ఉదాహరణకు వరి మళ్ళు, గట్టుమీద రెండు తాటిచెట్లు, వెనుక కొండ గల దృశ్యం తీసుకుందాము. ఫోటో ఉంటే దానిని నలుపు-తెలుపులో చూడాలి, లేకుంటే కళ్ళు సగం మూసి చూడాలి. అప్పుడు ఆకులు, గడ్డి మాయమై, ముదురు, మధ్యరకం, లేత అనే మూడు నాలుగు పెద్ద ఆకారాలు మిగులుతాయి. కత్తిరించవలసినవి ఆ ఆకారాలనే. ప్రతి ఆకును కత్తిరించాలని చూడడం కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు. దృశ్యాన్ని నిలబెట్టేది రంగుకంటె ముదురు-లేతల తేడా. కొండ ఊదారంగులో ఉన్నా నమ్ముతాము, దగ్గరి చెట్టుకంటె ముదురుగా ఉంటే మాత్రం నమ్మము. దూరం పెరిగినకొద్దీ గాలిలోని తేమ, దుమ్ము వలన వస్తువులు వెలిసి, నీలి ఛాయకు తిరుగుతాయి. అద్దకపు గుడ్డను తిరగవేసి వెనుకవైపు వాడితే ఈ వెలిసిన ఛాయ ఖర్చు లేకుండా వస్తుంది.

గుడ్డ నూలుదై, అన్నీ ఇంచుమించు ఒకే మందంలో ఉండాలి. కొత్తగుడ్డను ముందుగా ఉతికి ఆరబెట్టకపోతే తరువాత ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా కుంచించుకుపోయి బొమ్మ ముడతలు పడుతుంది. ఎరుపు, ముదురు నీలం గుడ్డలను తడిపి, తెల్లగుడ్డపై రుద్ది, రంగు దిగుతుందేమో చూడాలి. దృశ్యానికి తగిన గుడ్డ తరచుగా ఇంట్లోనే ఉంటుంది. లుంగీ గళ్ళు మడులకు, చారల చొక్కా నాగటిచాళ్ళకు, మచిలీపట్నం కలంకారీ ఆకులు పొదలకు సరిపోతాయి. పలుచని వాయిల్ గుడ్డను మీద పరిస్తే పొగమంచు. ప్రయాణాలు చేసేవారు ఆయా ఊళ్ళ సంతలో జానెడు గుడ్డ కొని, దానిపై ఊరి పేరు, తేదీ రాసి దాచుకుంటే అదే దినచర్య పుస్తకంగా పనికివస్తుంది.

కూర్పు దూరం నుండి దగ్గరకు సాగాలి. ముందు ఆకాశం, దానిపై కొండ, కొండ అడుగు కప్పేటట్లు మడులు, చివరకు తాటిచెట్లు. ముక్క అంచును పావు అంగుళం లోపలికి మడిచి కుడతారు. వంపుల దగ్గర ఆ పావు అంగుళంలో చిన్న గాట్లు పెడితే మడత సాఫీగా తిరుగుతుంది. అంచు మడవక, పచ్చిగా వదిలి మిషనుతో కుట్టడం కూడా నేడు ఒప్పుకున్న పద్ధతే. గడ్డి, ఈకలు వంటి వాటికి పోగులు రేగిన అంచు అందమే.

పైపొర పూర్తయ్యాక అడుగుగుడ్డను తలక్రిందులుగా పరచి, పరుపు వేసి, పైన బొమ్మ పెడతారు. అడుగుగుడ్డ, పరుపు నాలుగువైపులా రెండంగుళాలు ఎక్కువ ఉండాలి, ఎందుకంటే కుట్టేకొద్దీ లోపలికి లాగుతుంది. నాలుగేసి అంగుళాల ఎడంలో కచ్చాకుట్టు వేసి పొరలు కదలకుండా చేసుకొని, నడుమ మొదలుపెట్టి అంచులవైపు కుట్టాలి. చేతితోనైతే సాదా రన్నింగ్ కుట్టు చాలు. అలవాటైన చేయి అంగుళానికి ఎనిమిది పది కుట్లు వేస్తుంది, కొత్తవారికి ఐదారు చాలును. కుట్టు పొట్టిదా పొడుగుదా అన్నదానికంటె అన్నీ సమంగా ఉండడం ముఖ్యం. మిషనుపై స్వేచ్ఛగా గీతలు తిప్పాలంటే గుడ్డను ముందుకు నెట్టే పళ్ళను దించివేసి, రెండు చేతులతో గుడ్డను కదపాలి. అప్పుడు కుట్టు పొడవు కాలి వేగం, చేతి వేగం కలిసే తీరుపై ఆధారపడుతుంది. పాత తొక్కుడు మిషనుపై కూడా ఇది సాధ్యమే.

కుట్టు ఎటు నడవాలన్నది వస్తువే చెబుతుంది. నీటిమడిపై దగ్గరదగ్గరగా అడ్డగీతలు వేస్తే అది చదునై నీరులా మెరుస్తుంది. తాటి బోదెపై అడ్డంగా చిన్న వంపులు, కొండపై ఏటవాలు గీతలు సరిపోతాయి. మేఘాన్ని చుట్టూ మాత్రం కుట్టి లోపల వదిలివేస్తే తానే ఉబ్బుతుంది. చివరగా రెండున్నర అంగుళాల పట్టీని రెండు మడతలు వేసి అంచు కడతారు.

బొంత వెనుక మూలన చిన్న గుడ్డముక్కపై కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం, దృశ్యం ఎక్కడిది, గుడ్డలు ఎవరివి అన్నవి చెరగని సిరాతోనో కుట్టుతోనో రాయాలి. సంగ్రహాలయాలలో వందలకొద్దీ పాత బొంతలు "కుట్టినవారు తెలియదు" అన్న చీటీతో ఉండడానికి ఈ చిన్న పని చేయకపోవడమే కారణం.

భద్రపరచడం

గోడకు వ్రేలాడదీసే బొంతకు మేకులు కొట్టరాదు. వెనుక పైఅంచు పొడవునా నాలుగంగుళాల గొట్టంలా గుడ్డ కుట్టి, దానిలో కర్ర దూర్చితే బరువు సమంగా పడుతుంది. ఎండ నేరుగా తగిలే గోడ పనికిరాదు. రంగులు వెలియడమేగాక నూలుపోగు కూడా పెళుసవుతుంది. సంగ్రహాలయాలలో వెలుతురును 50 లక్స్‌కు దగ్గరగా ఉంచి, కొన్ని నెలల ప్రదర్శన తరువాత బొంతకు చీకటిలో విశ్రాంతి ఇస్తారు. దాచేటప్పుడు మడవడంకంటె, బొమ్మ పైకి ఉండేటట్లు గొట్టానికి చుట్టడం మేలు. మడవక తప్పకపోతే మడతలలో ఉతికిన తెల్లగుడ్డ పెట్టి, ఏడాదికి రెండుమూడుసార్లు మడతలు మార్చాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమ పట్టి బూజు వస్తుంది. కలరా ఉండలు బొంతకు నేరుగా తగలరాదు. వానాకాలం వెళ్ళిన తరువాత ఒక పూట నీడలో గాలికి ఆరవేస్తే చాలు.